బట్టల్ని వదలని వాసన: గుట్టంతా గుళికల్లోనే!

ఇచ్ఛాపురం: వానకాలం వచ్చిందంటే ఈ ప్రాంతంలో మొగలి పొదలు పూతకు వస్తాయి. పొలం గట్ల మీద, కాలువల వెంట, సముద్రం దిక్కున ఉన్న ఇసుక నేలల్లో ముళ్ళ ఆకుల నడుమ లేత రంగు రేకులు కానవస్తాయి. పూర్వం పెళ్ళి పట్టుచీరలు దాచే పెట్టెల్లో ఆ రేకులను మడతల మధ్య పెట్టేవారు. రేకు ఎండి కాగితంలా మారినా పెట్టె మూత తీయగానే వాసన గుప్పుమనేది. కొన్ని ఇళ్ళలో వట్టివేళ్ళు, మరికొన్నింట మరువం, దవనం వాడేవారు. చీరకు సువాసన అబ్బడానికి ప్రత్యేకించి ఖర్చంటూ ఉండేది కాదు.

నేడు ఆ పనిని కిరాణా దుకాణాల్లో దండల్లా వేలాడే పొట్లాలు చేస్తున్నాయి. సబ్బుపొడి పొట్లం ఒకటి, ఆఖరు నీళ్ళలో కలిపే చిక్కటి ద్రవం పొట్లం మరొకటి. ఉతికి, ఎండలో ఆరవేసి, మడతపెట్టి పది రోజులు బీరువాలో ఉంచిన చొక్కా కూడా తొడుక్కోగానే వాసన వేస్తోంది. సాయంత్రం భుజం మీద కండువా విదిలిస్తే మళ్ళీ వాసన. ఇదేం విడ్డూరమని పెద్దవాళ్ళు ముక్కున వేలేసుకుంటున్నారు.

కాగా రేవులో బట్టలు ఉతికే రజకులకు ఈ వాసన కొత్త తలనొప్పి అయింది. చౌడు మట్టి పట్టించి, ఉబ్బ వేసి, బండకేసి బాది తెల్లగా తెచ్చిన పంచెను ఇంటికి పట్టుకువెళితే, తీసుకునేవారు ముందుగా ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తున్నారు. వాసన రాకపోతే సరిగా ఉతకలేదని అనుమానం. ఆ మాట పడలేక రజకులు తమ కూలి డబ్బుల్లోంచే పొట్లాలు కొని వాడవలసి వస్తోంది. మురికి పోయిందా లేదా అని చూసే కన్ను పని ఇప్పుడు ముక్కుకు పడింది. ఈ వాసన బట్ట మీద అంతకాలం ఎలా నిలుస్తోందో, అది నిలవడానికి ఏమి ఖర్చవుతోందో తెలుసుకోవడం అందుకే అవసరం.

వాసన అంటేనే పారిపోయేది

ఏ వస్తువు వాసనైనా మన ముక్కుకు తగిలిందంటే ఆ వస్తువు నుంచి కంటికి కనపడని అణువులు గాలిలోకి లేచాయన్న మాట. గాలిలోకి లేవనిదానికి వాసన ఉండదు. లేచి వెళ్ళినది తిరిగి రాదు. నిమ్మ, నారింజ తొక్కల వాసనలు చాలా తేలిక. అవి ముందుగా ఎగిరిపోతాయి. మల్లె, గులాబీ వంటివి కొంచెం ఆగుతాయి. గంధం, వట్టివేరు వంటి బరువు వాసనలు ఆలస్యంగా వెళతాయి. గంధపు చెక్క ఏళ్ళ తరబడి వాసన వేయడానికి, నిమ్మకాయ కోసిన చేతికి గంటలోపే వాసన పోవడానికి కారణం ఇదే.

అయితే తేలిక వాసనను బరువు వాసనతో కట్టివేయవచ్చునని మన దేశంలో అత్తరు కాచేవారు ఎప్పుడో కనిపెట్టారు. దీనికి దూరం పోనక్కర్లేదు. సరిహద్దు దాటితే గంజాం జిల్లా. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఇచ్ఛాపురం కూడా ఆ జిల్లాలోదే. బరంపురం, ఛత్రపురం చుట్టుపక్కల గ్రామాల్లో మొగలి పూలను రాగి డేగిశాల్లో వేసి, నీళ్ళు పోసి, మూత బిగించి కింద మంట పెడతారు. ఆవిరి గొట్టం గుండా మరో పాత్రలోకి దిగుతుంది. ఆ రెండో పాత్రలో ముందుగానే గంధపు నూనె ఉంటుంది. మొగలి వాసన ఆ నూనెలో చిక్కుకుపోతుంది. గంధం ధర ఆకాశానికి ఎక్కిన తర్వాత చాలాచోట్ల దాని బదులు వాసన లేని పారఫిన్ నూనె వాడుతున్నారు. ఏమైనా కిటుకు మాత్రం ఒకటే. వాసనను ఒంటరిగా వదలకుండా కదలని వస్తువుకు కట్టేయడం.

ఈ కిటుకు ఒంటికి రాసుకునే అత్తరుకు సరిపోయింది గాని సబ్బుపొడికి సరిపోలేదు. ఉతికే బట్టను నీళ్ళలో ముంచుతారు, పిండుతారు, జాడిస్తారు, మళ్ళీ పిండుతారు. పొడిలో కలిపిన సువాసన నూనెలో చాలా భాగం ఆ నీళ్ళతోనే పోతుంది. మిగిలినది ఎండలో ఆవిరవుతుంది. మనవంటి ఎండ దేశంలో చెప్పనే అక్కర్లేదు. కంపెనీలు ఎంత నూనె పోసినా మడతపెట్టేసరికి బట్టకు మిగిలేది బహు స్వల్పం. మరింత పోద్దామంటే సువాసన నూనె సబ్బుపొడిలో కలిసే సరుకులన్నింటిలోకీ ఖరీదైన వాటిలో ఒకటి.

రసీదు పుస్తకం నుంచి రేవు దాకా

దీనికి పరిష్కారం సబ్బు కంపెనీల నుంచి రాలేదు. లెక్కల యంత్రాలు చేసే ఒక కంపెనీ నుంచి వచ్చింది. అమెరికాలోని డేటన్ పట్టణంలో ఉన్న నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో బారెట్ గ్రీన్ అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. మసి కార్బన్ కాగితం పెట్టకుండానే కింది కాగితం మీద నకలు పడేలా చేయాలని ఆయన ప్రయత్నం. రంగు కలిపిన నూనెను చిన్న చిన్న బొట్లుగా చేసి, ఒక్కొక్క బొట్టు చుట్టూ పలుచని గోడ కట్టి, ఆ గుళికలను పై కాగితం వెనుక పూశారు. కలం ఒత్తిడికి గుళిక పగిలి రంగునూనె కింది కాగితానికి అంటి అక్షరం తేలుతుంది. ఆ కాగితం 1954లో బజారుకు వచ్చింది. పట్నం దుకాణాల్లో పైన రాస్తే కింద తెలుపు, గులాబి, పసుపు కాగితాల మీద అచ్చంగా దిగే బిల్లు పుస్తకాలున్నాయే, ఆ రకమే.

రంగునూనె స్థానంలో సువాసన నూనె పెడితే? ఆ ఆలోచన రావడానికి ఎంతోకాలం పట్టలేదు. త్రీఎం అనే మరో అమెరికా కంపెనీలో గేల్ మాట్సన్ అనే శాస్త్రవేత్త 1965లో గోటితో గీకితే వాసన వచ్చే కాగితం తయారు చేశాడు. పిల్లల పుస్తకాల్లో అరటిపండు బొమ్మను గీకితే అరటిపండు వాసన. అక్కడ అదొక సరదా అయింది.

అప్పటి గుళికల గోడ దేనితో కట్టారన్నది మన రైతులకు ఆసక్తి కలిగించే సంగతి. ఒకటి జెలటిన్. పశువుల ఎముకలు, చర్మాలను ఉడికించి తీసేది. రెండోది సూడాన్ ఎడారి అంచున పెరిగే ఒక జాతి తుమ్మ చెట్టు బంక. మన నల్లతుమ్మకు అది దగ్గరి చుట్టం. నల్లతుమ్మ బంకను నీళ్ళలో నానబెట్టి కాగితాలు అతికించిన చేతులు ఈ ఊళ్ళలో ఇంకా ఉన్నాయి.

అయితే కాగితానికి పనికి వచ్చిన గోడ సబ్బునీళ్ళకు ఆగలేదు. నానుతుంది, మెత్తబడుతుంది, నూనె కారిపోతుంది. అందుకని గట్టి గోడ వెతికారు. మెలమైన్ పళ్ళాలు ఇంటింటా ఎరిగినవే. కింద పడినా పగలనివి, వేడి కూరకు మెత్తబడనివి. మెలమైన్‌ను ఫార్మాల్డిహైడ్‌తో కలిపి కట్టే ఆ బిరుసు ప్లాస్టిక్‌నే గుళికకు గోడగా పెట్టారు. ఇంటర్మీడియట్ సైన్సు చదివినవారికి ఫార్మాల్డిహైడ్ తెలిసే ఉంటుంది. ప్రయోగశాలలో కప్పలను సీసాల్లో నిల్వ ఉంచే ఫార్మలిన్‌లో కళ్ళు మండించే ఘాటు దానిదే. గోడ గట్టిపడిన తర్వాత మిగిలిపోయే ఫార్మాల్డిహైడ్‌ను తగ్గించేందుకు తయారీదారులు వేరే మందు కలపవలసి ఉంటుంది.

తయారీని మన వంటింటి భాషలో చెప్పాలంటే పూర్ణం బూరెతో పోల్చవచ్చు. లోపలి పూర్ణం సువాసన నూనె, పైన పిండి పొర ప్లాస్టిక్. మొదట నీళ్ళలో నూనె పోసి కవ్వంతో మజ్జిగ చిలికినట్టు యంత్రంతో చిలుకుతారు. నూనె సన్నని బొట్లుగా విడిపోతుంది. ఎంత వేగంగా చిలికితే బొట్టు అంత చిన్నది. ఆపైన గోడ సరుకు వేసి, పులుపు సరిచూసి, వేడి చేస్తే బొట్టు చుట్టూ పొర పట్టి గట్టిపడుతుంది. ఒక్కో గుళిక మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటుందనుకుంటే, యాభై గుళికలు వరుసగా పేరిస్తే ఒక్క మిల్లీమీటరు. తల వెంట్రుక మందం కూడా దానికి మూడు నాలుగింతలు ఉంటుంది. కనుకనే సీసాలో కంటికి కనపడవు, చేతికి తగలవు.

ఈ గుళికలు ఉతికేటప్పుడు పోగుల సందుల్లో చిక్కుకుంటాయి. బట్ట ఆరినా గోడ పగలదు గనుక వాసన బయటపడదు. తొడుక్కున్నప్పుడు, మోచేయి రాసుకున్నప్పుడు, మడత విప్పినప్పుడు కొన్ని పగులుతాయి. మర్నాడు మరికొన్ని. సువాసన ఎక్కువ పోసినందువల్ల కాదు, కొద్దికొద్దిగా బయటకు వదలడం వల్లనే వాసన పది రోజులు నిలుస్తోంది.

ఇంట్లోనే పరీక్ష

తాము కొన్న సరుకులో గుళికలున్నదీ లేనిదీ ఎవరికి వారే తెలుసుకోవచ్చు. ఆరిన బట్టను కదపకుండా ముక్కు దగ్గర పెట్టి వాసన చూడాలి. తర్వాత అదే చోట రెండు అరచేతుల మధ్య గట్టిగా రుద్ది మళ్ళీ చూడాలి. రుద్దిన తర్వాత వాసన ఒక్కసారిగా పెరిగితే గుళికలు ఉన్నట్టే. రెండుసార్లూ ఒకేలా ఉంటే మామూలు సువాసన నూనె.

పొడి మీద నీళ్ళు పోయగానే బకెట్టులోంచి గుప్పున లేచే వాసన వేరే జాతి. అందులో బంక గాని, పిండిపదార్థం గాని గోడగా ఉండవచ్చు. బంకనీళ్ళలో సువాసన నూనె చిలికి, పాలపొడి తయారు చేసినట్టే వేడిగాలిలోకి చిమ్మితే పొడి రాలుతుంది. నీళ్ళు తగిలితే గోడ కరిగి వాసన వెలువడుతుంది. కొన్ని మొహం పౌడర్లలోనూ ఇదే పద్ధతి వాడుతారు. అక్కడ గోడను కరిగించేది చెమట.

గంజిలో ఉండే పిండిపదార్థం నుంచి మరో వస్తువు కూడా చేస్తారు. దాని పేరు సైక్లోడెక్‌స్ట్రిన్. 1891లో విలియర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దాన్ని మొదట గుర్తించాడు. పిండిలోని చక్కెర అణువులు ఆరు, ఏడు లేదా ఎనిమిది చేయి చేయి పట్టుకుని గుండ్రంగా కూర్చున్నట్టు ఉంటుంది. మధ్య గుంటలో వాసన అణువు ఇముడుతుంది. తేమ తగిలితే బయటకు వస్తుంది. పొందూరు ఖద్దరుకు గంజిపెట్టి కట్టే ఈ జిల్లావారికి పిండికీ బట్టకూ ఉన్న చుట్టరికం చెప్పనక్కర్లేదు.

ఇక్కడే ఒక చిక్కుంది. బంక గోడ, పిండి గోడ నీళ్ళలో కరుగుతాయి గనుక తర్వాత వాటి పీడ లేదు. కాని కరుగుతాయి గనుకనే ఉతికిన బట్ట మీద నిలవవు. పది రోజులు నిలవాలంటే నీటికి లొంగని గోడ కావాలి. నీటికి లొంగని గోడ ఏటిలోనూ లొంగదు.

వాసన వేరు, శుభ్రం వేరు

మురికిని వదిలించేది సబ్బుపొడిలోని సబ్బు గుణం, చాకలిసోడా, చేతి బలం. సువాసన ఆ పనిలో పాలుపంచుకోదు. చెమట కంపు చెమటది కాదు, చెమటను తిని పెరిగే సూక్ష్మజీవులది. ఉతికి మంచి ఎండలో ఆరవేస్తే అవి తగ్గుతాయి. పాలిస్టర్ చొక్కాలో ఆ కంపు నూలు చొక్కాలోకన్నా మొండిగా నిలుస్తుంది. దాని మీద సువాసన పూస్తే కంపు కనపడకుండా పోతుందే గాని వదలదు. కాబట్టి వాసన రాని పంచెను చూసి రజకుణ్ణి శంకించడం సబబు కాదు. తెలుపు చూడాలి, మెడపట్టీ చూడాలి, చంకల దగ్గర చూడాలి.

ఆఖరు నీళ్ళలో కలిపే ద్రవం విషయంలో చాలామంది డబ్బు వృథా చేసుకుంటున్నారు. దాన్ని సబ్బుపొడితోపాటే బకెట్టులో పోస్తున్నారు. సబ్బుపొడి గుణమూ దాని గుణమూ ఒకదానికొకటి విరుద్ధం. రెండూ కలిస్తే సబ్బు పని చెడుతుంది, ద్రవం పనీ చెడుతుంది. జాడించడమంతా అయిన తర్వాత చివరి నీళ్ళలో మాత్రమే కలపాలి. తువాళ్ళకు అసలు వాడకపోవడమే మంచిది. బట్టను మెత్తగా చేసే కొవ్వు వంటి పదార్థం పోగుల మీద పొరలా పడుతుంది. అలాంటి తువాలు ఒళ్ళు తుడిస్తే తడి పీల్చదు. పసిపిల్లల గుడ్డలకూ అంతే.

సువాసనలు కొందరి ఒంటికి పడవు. దద్దురు, దురద వస్తాయి. ఉబ్బసం ఉన్నవారికి ఘాటు వాసనతో ఆయాసం రేగవచ్చు. పొట్లం మీద పర్‌ఫ్యూమ్ అని ఒక్క మాటే ఉన్నా దాని వెనుక పదుల రకాల రసాయనాలు ఉంటాయి. ఏది పడలేదో తెలుసుకోవడం వైద్యుడికి కూడా సులువు కాదు. గుళికల వాసన పది రోజులు వదలదన్నది గొప్పగా చెప్పుకునే గుణమే గాని, పడనివారికి అదే పది రోజుల బాధ. బట్ట కొత్తగా తొడిగిన చోట, మెడ చుట్టూ, నడుము దగ్గర దురద మొదలైతే ముందు సబ్బుపొడిని, ద్రవాన్ని మార్చి చూడాలి. పసిబిడ్డల బట్టలను వాసన లేని సబ్బుతో ఉతికి మరో రెండు నీళ్ళలో జాడిస్తే సరిపోతుంది.

ఆ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి?

పొట్లంలోని గుళికలన్నీ బట్టకు అంటుకోవు. అంటుకున్నవి అంటుకోగా తక్కినవి నీళ్ళలోనే ఉండిపోతాయి. అంటుకున్నవాటిలో కొన్ని మళ్ళీ ఉతుకులో రాలుతాయి. పట్నాల్లో మురుగునీటిని శుద్ధిచేసే కేంద్రాలు ఉన్నచోట అవి కొంతవరకు మడ్డితో పాటు ఆగుతాయి. పల్లెల్లో అటువంటిదేదీ లేదు. రేవులో ఉతికిన నీళ్ళు గెడ్డలోకి, చెరువులోకి, బాహుదా నదిలోకి, అక్కడి నుంచి సముద్రంలోకి పోతాయి. అదే చెరువులో గొడ్లు దిగుతాయి, చేపలు పెరుగుతాయి. పగిలిన గుళికలో నూనె పోయినా పెంకు మిగులుతుంది. ఆ పెంకు ప్లాస్టిక్కే. గుడ్డతో వడగట్టినా ఆగనంత చిన్నది.

ఇటువంటి సూక్ష్మ ప్లాస్టిక్ ఒకసారి నీళ్ళలో చేరితే తిరిగి ఏరి తీయడం అసాధ్యమని తేలడంతో యూరప్ దేశాల కూటమి కట్టడి చేసింది. వస్తువుల్లో కావాలని కలిపే సూక్ష్మ ప్లాస్టిక్‌ను నిషేధించే నిబంధన 2023 అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది. అద్దకపు మెరుపుల వంటి కొన్నింటిని వెంటనే ఆపారు. సువాసన గుళికలకు మాత్రం 2029 అక్టోబరు 17 వరకు గడువు ఇచ్చారు. గోడ మార్చుకోవడానికి కంపెనీలకు ఆరేళ్ళ వ్యవధి అన్న మాట. ఆ నిబంధన ఆ దేశాల్లో అమ్మే సరుకుకే వర్తిస్తుంది. ఇచ్ఛాపురం సంతలో అమ్మే పొట్లానికి కాదు.

అయితే గడువు తరుముతూ ఉండడంతో సుగంధ కంపెనీలు మట్టిలో, నీళ్ళలో సూక్ష్మజీవులు తినివేయగల గోడల కోసం పోటీపడుతున్నాయి. స్విట్జర్లాండ్‌కు చెందిన జివోదాన్ అనే పెద్ద సుగంధ కంపెనీ అటువంటి గుళికలను 2020లో బయటపెట్టింది. ఉతుకులో కరగకూడదు, సీసాలో నెలల తరబడి కారకూడదు, బట్ట మీద పగలాలి, ఏటిలో మాత్రం కుళ్ళాలి. ఈ నాలుగూ ఒకే గోడకు పట్టించడం తేలిక కాదు.

ఈ పోటీలో మన కోస్తావారికి ఎరుక ఉన్న వస్తువు ఒకటి ఉంది. రొయ్య పొట్టు. దేశంలో సాగు రొయ్యల ఉత్పత్తిలో మన రాష్ట్రానిదే అగ్రస్థానం. తల, పొట్టు తీసి ఒక పక్కన పోస్తే రెండు రోజులకే కంపు భరించలేక జనం ముక్కు మూసుకుంటారు. ఆ పొట్టును ఆమ్లంలో నానబెడితే సున్నం పోతుంది, క్షారంలో ఉడికిస్తే మాంసకృత్తు పోతుంది, మిగిలేది కైటిన్. దాన్ని ఇంకా ఘాటు క్షారంలో వేడిచేస్తే కైటోసాన్ అవుతుంది. ఇది ప్లాస్టిక్ కాదు. సూక్ష్మజీవులు తింటాయి. పైగా బట్టపోగుకు ఇట్టే అంటుకునే గుణం దానికి ఉంది. సువాసన గుళికకు గోడగా పనికివచ్చే సరుకుల్లో శాస్త్రజ్ఞులు గట్టిగా పరీక్షిస్తున్నది దీన్నే.

పొట్టు నుంచి కైటిన్, కైటోసాన్ తీసే కర్మాగారాలు మన దేశంలో కొత్త కాదు. మందులకు, నీటి శుద్ధికి వాటిని ఇదివరకే వాడుతున్నారు. పొట్టును ఎండబెట్టకుండా, కుళ్ళనీయకుండా ఆ రోజుకారోజు చేరవేస్తేనే మంచి కైటోసాన్ వస్తుంది. మంచు, వాహనం, కొనేవాడు ఈ మూడూ అందుబాటులో ఉన్న చోట పొట్టుకు ధర పలుకుతుంది. లేనిచోట అది గట్టు మీదే కుళ్ళుతుంది.